పీరాసాబ్ ఒక్కపొద్దు

పీరాసాబ్ మెడ ఒక పక్కకు మెలిపడి బిగుసుకుపోయింది. కళ్లు పైకి తేలిపోయి, ఎంత ప్రయత్నించినా కిందికి దిగడం లేదు. రంజాన్ నెల, మిట్టమధ్యాహ్నం. ఇంటిముందు బాడుగ ఎద్దులబండి నిలబడి ఉంది. అన్న గౌస్ మొహిద్దీన్ ఇనుప గొలుసు పట్టుకుని దిగాడు.

"మళ్లా దయ్యం పట్టుకున్నాది వీణ్ని. దర్గాకు ఎత్తండప్పా."

పీరాసాబ్ భార్య మేరాజ్ బీ ఆ గొలుసు వైపే చూసింది. పోయిన ఏడు దయ్యం వదలాలని దర్గాలో నలభై రోజులు కట్టేస్తే, గొలుసులో ఉన్న అతని కాలికి పుండు పడి పురుగులు పట్టాయి. ఆ తరవాతే అనంతపురం పెద్దాసుపత్రిలో ఈ కొత్త మాత్రలు ఇచ్చారు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి. చెవిలో గొంతులు తగ్గి, రెండు నెలలుగా పామిడి బజారులో మళ్లీ కుట్టుమిషను తొక్కుతున్నాడు.

రోగి ఒక్కపొద్దు, అంటే రంజాన్ ఉపవాసం, ఉండనక్కర్లేదని అందరికీ తెలుసు. కానీ మసీదు దగ్గర ఎవడో "పిచ్చోనికి ఒక్కపొద్దేమిటికప్పా" అని నవ్వాడు. ఊరి నోళ్లకు అంతకంటే పనేముంది! పీరాసాబ్‌కు పౌరుషం వచ్చి పగలు మాత్ర ముట్టనన్నాడు. మందు తప్పకూడదని మేరాజ్ బీ పొద్దుగూకగానే మూడు మాత్రలూ ఒకేసారి మింగించసాగింది. ఆ మత్తులో అతను ఇవాళ తెల్లవారుజాము తిండికి లేవనే లేదు.

"దయ్యం కాదు బావా! నేను చేసిన తప్పు. మూడూ ఒగేసారి ఇచ్చినా," అంది.

"ఆ మందులే నా కొడుకును తింటాండాయి, పారేయ్!" అంది అత్త ఖాతూన్‌బీ.

"పారేస్తే మళ్లా మొదటికొస్తాది అత్తా. మెడ పట్టేస్తే ఎంటనే తీసుకరమ్మన్నాడు డాక్టరు. దానికి వేరే సూది ఉండాదంట."

పీరాసాబ్ మొద్దుబారిన నాలుకతో గొణిగాడు. "సూదేస్తే... ఒక్కపొద్దు... పోతాది."

"పోనీ! ఆ పాపం నాది." ఆమె బండివాడి వైపు తిరిగింది. "రామదాసన్నా, బస్టాండు తాకు తిప్పు, పెద్దాసుపత్రికి పోవల్ల."

రామదాసు గౌస్ ముఖం చూశాడు.

"బాడుగ ఇచ్చింది నేను. బండి దర్గాకే పోతాది," అన్నాడు గౌస్.

 మేరాజ్ బీ మొగుడి చంక కింద చేయి వేసి లేపింది. గౌస్ రెండో చేయి పట్టుకున్నాడు. పీరాసాబ్ ఎవరినీ చూడలేడు. ఆకాశం వైపే చూస్తూ, అన్న పట్టు విడిపించుకుని, తడుముకుంటూ ఆమె భుజం పట్టుకున్నాడు.

ఇద్దరూ బండి వదిలేసి, బస్టాండు వైపు ఎండలోకి నడిచారు. వెనక గౌస్ చేతిలోని గొలుసు చప్పుడు వస్తూనే ఉంది.

"ముందర రాయి ఉండాది," అంది మేరాజ్ బీ. "కాలెత్తు."