జవాబు చెప్పని పిల్ల

తుడియలూరు బడిలో నా మనవరాలు మధుమితను రెండేళ్లుగా ‘జవాబు చెప్పని పిల్ల’ అనే అంటున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్ల గనుక తమిళం అందడం లేదని బడివారు తేల్చారు. బడి తమిళమే దాని నోరు కట్టేసిందని మేము తేల్చుకున్నాము. చెవుల సంగతి ఎవరూ తలచలేదు.

దాన్ని మళ్లీ ఒకటో తరగతిలోనే కూర్చోబెడతామని కబురు వస్తే, న్యాయం అడగడానికి వెళ్లాను. ఆ రోజే పిల్లల కళ్లూ చెవులూ పరీక్షిస్తున్నారు.

పరీక్ష చేసే జెబమలర్ పిల్లకు హెడ్‌ఫోన్ తగిలించి, శబ్దం వినబడినప్పుడల్లా ఒక పూస గిన్నెలో వేయాలని చేతులతో చేసి చూపింది. మధుమిత రెండు పూసలు వేసింది. అవి మీట నొక్కే వేలును చూసి వేసినవని జెబమలర్ కనిపెట్టింది. పిల్లను అటు తిప్పి కూర్చోబెట్టింది. ఆ తరువాత ఒక్క పూసా పడలేదు.

“రెండు చెవులూ,” అంది. “పెద్ద ఆస్పత్రిలో చూపించండి. నిరుడే చెవికి మిషన్ పెట్టి ఉంటే ఎంతో మేలుగా ఉండేది.”

నిరుటి చెవి పరీక్ష ఫారం తీయించాను. పరీక్షే జరగలేదు. ‘ఇల్లు తెలుగు. చెప్పింది అర్థం కాలేదు’ అని క్లాస్ టీచర్ తేన్మొళి చేతిరాత.

“మీ భాష నాకెలా వస్తుంది, పాట్టీ?” అంది తేన్మొళి, తమిళంలో నన్ను అవ్వా అని పిలుస్తూ.

“బీప్ శబ్దానికి భాషేముంది టీచర్?” అంది జెబమలర్, తల ఎత్తకుండానే.

హెడ్‌మిస్ట్రెస్ మాలిని గదిలో, తేన్మొళి ఎదుటే, నేను కాగితం అడిగి తీసుకున్నాను. జవాబు చెప్పలేదని చెవిటి పిల్లను ఎండలో మోకాళ్ల మీద నిలబెట్టిన టీచర్ పేరు ఫిర్యాదులో ఉండాలన్నాను.

మాలిని పిల్లకు ఎదురుగా వంగి, నిదానంగా అడిగింది. “నిన్ను ఎవరైనా కొట్టారా, పాపా? చూపించు.”

మధుమిత ఆమె పెదవులను చూసింది. తేన్మొళిని చూసింది. తరువాత చెయ్యెత్తి నన్ను చూపింది.

“అవ్వ ఎనకాల నిలుచుకొని అడుగుతాది,” అంది, ముద్దముద్దగా. “నోరు అగపడదు.”

ప్రతి సాయంత్రం ఇంట్లో నేను దాని వెనుక అటూ ఇటూ నడుస్తూ పాఠం అడుగుతాను. మూడోసారికీ జవాబు రాకపోతే చెక్క స్కేలుతో వేళ్ల కణుపుల మీద కొడతాను. కాన్వెంట్‌లో నాకు చదువు అలాగే వచ్చింది.

“నేను మోకాళ్ల మీదే నిలబెట్టాను, పాట్టీ. చెయ్యి వేయలేదు,” అంది తేన్మొళి. “రెండూ వదిలేద్దాం. ఇంటి సంగతి బయటికెందుకు?”

నేను ఫిర్యాదు రాశాను. తేన్మొళి పేరు కింద మరొక పేరు రాశాను.

మాలిని చదివింది. “ఇది మీ పేరు కదమ్మా?”

“అవును.”

సంతకం చేసి లేచాను. “పోదాం రా అమ్మిణీ, ఆస్పత్రికి,” అన్నాను.

మధుమిత కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడి ఉంది. కదలలేదు. రెండోసారి, కాస్త గట్టిగా పిలిచాను.

అప్పుడు కూడా నేను దాని వెనుకనే ఉన్నాను.