సాయన్న పెట్టిన బొటనవేలు

సాయన్నకు సిగ్గు లేదంటే పాపం తగులుతది. ఉన్నది, కాకపోతే ఆలస్యంగా వస్తది.

అబిడ్స్‌ల బట్టల దుకాణంల చీరలు చూపెట్టుడు ఆయన పని. ఒకప్పుడు ఆ మెట్ల కిందనే ఎస్టీడీ డబ్బా ఉండె. ఊరి నుంచి అక్క జయమ్మ ఫోన్ చేస్తే డబ్బాఆయన కేకేసేటోడు. గంతే, విప్పిన చీర విప్పినట్టే ఇడిచిపెట్టి, సేటు తిడుతున్నా ఉరికేటోడు సాయన్న. రెండు నిమిషాల మాట కోసం అక్క పక్కూరి దాకా నడిచొస్తదని ఆయనకెరుక.

ఇప్పుడు ఫోన్ జేబులనే ఉన్నది. జయమ్మకు చదువు రాదు, కోడలు నర్మద ఆమె మాటలు ఫోన్ల రికార్డు చేసి పంపుతది. బర్రె ఈనింది, మిరప ఎండింది, పక్కింటోళ్ల లొల్లి. ఎవరు వింటరు గంతసేపు? సాయన్న వినకుంటనే సరేనన్నట్టు బొటనవేలు బొమ్మ ఒకటి కొట్టి పడేస్తుండె. ఏడాది సంది గిదే తంతు.

సోమవారం నాలుగింటికి నర్మద ఫోన్ చేసి, అత్తమ్మ కండ్లకు డాక్టర్ ఏమన్నడని అడిగింది. ఏ డాక్టరో సాయన్నకు అర్థం కాలే. ఏదో నసిగి పెట్టేసి, నిన్నటి మాటలు అప్పుడు చెవికి పెట్టుకున్నడు. బర్రె అయింది, మిరప అయింది, ఆఖరుకు అక్క అన్నది: "తమ్మీ, రేపు తొమ్మిదింటి బండికి నాంపల్లిల దిగుత. పదింటికి కండ్ల దవాఖానల పేరు రాపిచ్చినం. సరిగ కనవడ్తలేదురా, నువ్వొచ్చి చెయ్యి పట్టుకో."

దాని కింద ఆయన బొటనవేలు.

నాంపల్లి దాకా ఉరికిండు. సిగ్గుతోని మొఖం మండిపోతుండె. స్టేషన్ల బల్ల మీద జయమ్మ ఒళ్లో సంచి పెట్టుకొని, పొద్దటి సంది అట్లనే కూసొని ఉన్నది.

ఫోన్ ఖరాబైందని, ఆమె మాట తనకు ముట్టనే లేదని అన్నడు సాయన్న. అబద్ధం నోట్లకెళ్లి తానే జారింది.

"గట్లనా. నువ్వు వేలు పెట్టినవని నర్మద చూసి చెప్పింది," అన్నది జయమ్మ మెల్లగ. "ఎవరో పిల్ల దవాఖానకు తోలుకపోతనన్నా పోలే. మా తమ్ముడు వస్తనన్నడని చెప్పిన."

సాయన్నకు తలకాయ ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వలే. కింద చతికిలబడ్డడు.

"అబద్ధమక్కా. నేను వినలే. ఏడాది సంది ఒక్కటి గూడ వినలే."

 కోపం రాలే జయమ్మకు, వస్తే బాగుండు.

"మరి గవన్నీ నేను ఎవలికి చెప్పిన్రా?" అన్నది.