నాలుగువందల పన్నెండో చెట్టు

తల్గార్ ఊరి పైన కొండవాలులో రోడ్డు వెడల్పు చేస్తున్నారు. అక్కడి అడవి ఆపిల్ చెట్లలో ఏది ఏ గుంపుకు చెందుతుందో తేల్చి, తేలినవాటికి రంగు పట్టీ వేయాలి. పట్టీ లేని చెట్టు సోమవారం గొడ్డలి పాలు. ఆ తేల్చే పని తబిల్దిది.

ఆకుల్ని కొలిచే యంత్రం ముసలిది. ఒకే చెట్టును రెండుసార్లు అడిగితే రెండు మాటలు చెబుతుంది. అందుకే లెక్కలో ఒక నియమం పెట్టాడు. దగ్గరి కొలతలున్న చుట్టాలు కనీసం అయిదు ఉంటే గుంపు. లేకపోతే అది యంత్రం తడబాటు, వట్టి రొద. ఆరువందల చెట్లలో ముప్ఫై రొదగా తేలాయి. ఆ ముప్ఫైనీ మళ్ళీ కొలిస్తే ఇరవై తొమ్మిది ఏదో ఒక గుంపులో సర్దుకున్నాయి. 412 సర్దుకోలేదు.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి," అంది అధికారిణి కుల్యాష్. "కొలతల్లో ఒప్పుకునే తేడా కాస్త పెంచి ఏదో ఒక గుంపులోకి తోసెయ్యవయ్యా."

పెంచి చూశాడు. 412 చేరింది గానీ, గుంపులన్నీ కలిసి ఒకటే ముద్దయ్యాయి. మళ్ళీ తగ్గించేశాడు.

ఒక్క చెట్టు మీద అతనికెందుకంత పంతం? మా కజక్కుల్లో ఏడు తరాల ఏడుగురు తాతల పేర్లు చెప్పలేనివాడు మనిషి కింద లెక్కే కాదు. తబిల్ది అనాథాశ్రమంలో పెరిగాడు. తబిల్ది అంటేనే దొరికినవాడని. పక్కమంచం స్నేహితుడి ఏడుగురు తాతల్నీ బట్టీపట్టి, నలభై ఏళ్ళుగా పెళ్ళివిందుల్లో తన తాతలేనంటూ అప్పజెబుతున్నాడు. "ఓహో, మనవాడివే!" అని ఎవరైనా భుజం తడితే మాంసం ముక్క పళ్ళెంలోనే వదిలేసేవాడు. తను పెళ్ళి చేసుకోలేదు. ఆడపెళ్ళివారు ఏడు తరాలూ ఆరా తీస్తారని భయం.

శుక్రవారం తనే కొండెక్కి, 412వ చెట్టు అయిదు కొమ్మల నుంచి అయిదు తాజా ఆకులు కోసుకొచ్చి కొలిచాడు. రొదయితే ప్రతిసారీ మాట మార్చాలి. ఇది అయిదుసార్లూ ఒకే మాట చెప్పింది. తడబాటు కాదు, చెట్టు నిజంగానే ఒంటరిది. అతనికి ఏడుపొచ్చింది. గదిలో చూసేవాళ్ళెవరూ లేరు కనుక ఏడ్చాడు.

కుల్యాష్ ఆ అయిదు అంకెల్నీ రెండుసార్లు చూసింది. "ఒక్క చెట్టు గుంపెలా అవుతుంది?"

"కాదు మేడమ్. గుంపు లేదనే రాయండి. చెట్టు మాత్రం ఉందని రాయండి."

ఆవిడ గొణుక్కుంటూనే దానికీ పట్టీ వేయమని సంతకం పెట్టింది.

ఆదివారం రంగులు వేసే సెయిల్ఖాన్ తాత చెట్టు ముందు డబ్బాలు దించాడు. "ఇది ఏ గుంపు నాయనా? ఎరుపా, పసుపా?"

"ఏదీ కాదు తాతా. దీనికి చుట్టాల్లేరు."

"అయ్యో! ఇంతకీ నీది ఏ వంశం?"

ఏడు పేర్లూ నాలుక చివరికి వచ్చాయి. తబిల్ది మింగేశాడు.

"నాకూ ఎవరూ లేరు తాతా. ఆశ్రమంలో పెరిగాను."

ఈ మాట పైకి అనడం అతనికి ఇదే మొదలు. ముసలాయన అతని వంక ఒకసారి చూసి, డబ్బాలన్నీ వెతికి, మూత తీయని తెల్లరంగు బయటికి తీశాడు.

"ఇది ఇంతవరకూ ఎవరికీ వేయలేదు. డబ్బా పట్టుకో."

తబిల్ది పట్టుకున్నాడు. పట్టీ పూర్తయ్యాక ముసలాయన డబ్బాలోకి తొంగిచూశాడు. "బోలెడు మిగిలింది. దీనికి తోడు ఇంకోటి దొరికితే చెప్పు, వేసేస్తాను."

"వెతికాను తాతా," అన్నాడు తబిల్ది. "దొరకలేదు."