మౌనంగారు చేసిన ఇంజన్

పదకొండో ల్యాపులో తమ్ముడి కారు ఇంజన్ పేలింది. పిస్టన్‌ని పట్టుకునే కనెక్టింగ్ రాడ్డొకటి ఇంజన్ బ్లాకును చీల్చుకుని బయటికొచ్చింది. నూనెంతా ట్రాకు మీద పడింది. వెనకాలే వస్తున్న కారు ఆ నూనె మీద జారి, గింగిరాలు తిరిగి టైర్ల గోడకి గుద్దుకుంది. అందులో ఉన్నది లెక్కల టీచరు. వారమంతా స్కూల్లో పాఠాలు, ఆదివారాలు రేసులు, అదీ ఆవిడ జీవితం. కుడిచెయ్యి మణికట్టు దగ్గర రెండు చోట్ల విరిగింది.

తమ్ముడికి చిన్న గీత కూడా పడలేదు.

అక్క డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది. తమ్ముడు అందులోనే కుర్చీ కదిలినా బెదిరి బ్రేకు తొక్కేవాళ్ళకి స్టీరింగు నేర్పుతాడు. రేసు టీమంటే కూడా వాళ్ళిద్దరే. నడిపేది వాడు, మిగతాదంతా ఆవిడ. అందుకే రేసు అధికారి వచ్చి "ఏమైందమ్మా?" అని అడిగితే జవాబు చెప్పాల్సిందీ ఆవిడే.

"మాకేం తెలుసండీ. మూడు నెలల కిందటే మౌనంగారు మొత్తం విప్పి కొత్తగా చేసిచ్చారు. ఆయన్నే అడగాలి" అంది.

మౌనంగారంటే తొమ్మిదేళ్ళుగా వాళ్ళ ఇంజన్ చూస్తున్న మేస్త్రీ. రోజుకి పది మాటలకి మించి మాట్లాడరని ఆ పేరు పెట్టారు. ఆయన ఆ రోజు ట్రాకు దగ్గరికి రాలేదు. అక్క అన్న మాటకి మాత్రం కాళ్ళొచ్చాయి. అరగంటలో కార్లు ఆపి చూసుకునే పిట్‌లన్నీ తిరిగొచ్చింది. "మౌనంగారు బోల్టులు సరిగ్గా బిగించలేదట" అని ఎవరో అక్కకే వచ్చి చెప్పారు. ఆవిడ కాదనలేదు.

నిజం ఏమిటో ఆవిడకి తెలుసు.

రేసుకి రెండు వారాల ముందు, ప్రాక్టీసులో తమ్ముడు గేరు తప్పాడు. ఐదు నుంచి నాలుక్కి దింపబోయి రెండులో వేశాడు. ఇంజన్ ఒక్క క్షణం పీక పిసికినట్టు అరిచింది. మీటర్లో రెండు ముళ్ళుంటాయి. తెల్లముల్లు ఇంజన్ వేగంతో పాటు లేస్తూ పడుతూ ఉంటుంది. ఎర్రముల్లు మాత్రం ఎంత ఎత్తుకి వెళ్ళిందో అక్కడే ఆగిపోతుంది. ఆ రోజు అది నిమిషానికి తొమ్మిది వేల రెండు వందల చుట్ల దగ్గర ఆగింది. ఆ ఇంజన్‌కి ఎనిమిది వేలే హద్దు. "అది ఎనిమిది దాటితే మళ్ళీ స్టార్టు చెయ్యొద్దు. నా దగ్గరికి తీసుకురండి" అని మౌనంగారు ప్రతిసారీ చెప్పేవారు. ఆయన పది మాటల్లో ఎక్కువ భాగం అవే.

"అక్కా, చూడు" అని తమ్ముడు భయంగా మీటరు చూపించాడు.

ఆయన దగ్గరికి తీసుకెళ్తే నెల రోజులు. రేసుకి మిగిలింది రెండు వారాలు. పాయింట్లలో వాళ్ళు రెండో స్థానంలో ఉన్నారు. అక్క చెవి పెట్టి ఇంజన్ చప్పుడు వింది. బాగానే ఉందనిపించింది, బాగానే ఉండాలని కూడా అనిపించింది. మీటరు మీదున్న చిన్న బొత్తాం నొక్కింది. ఎర్రముల్లు కిందికి పడింది.

"ఏం కాలేదు. ఎవరితోనూ అనకు" అంది.

*

పగిలిన ముక్కలన్నీ ఒక ప్లాస్టిక్ డబ్బాలో వేసుకుని, నెల తర్వాత కొత్త మేస్త్రీని వెతకడానికి బయల్దేరారు. మౌనంగారి దగ్గరికి వెళ్ళే మొహం ఎలాగూ లేదు. ఆయన ఫోనూ చెయ్యలేదు. "కోపం వచ్చుంటుందిలే" అనుకుంది అక్క. కోపమైతేనే నయమనిపించింది.

మొదటాయన షాపుకి అద్దాల తలుపులు. నేల ఆస్పత్రిలా తళతళలాడుతోంది. గోడ నిండా కప్పులు, ఆయనవి కాదు, ఆయన ఇంజన్లు గెలిచినవి. అక్క డబ్బా మూత తియ్యబోతుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"చూడక్కర్లేదమ్మా. ఎవరు చేశారో విన్నాను. పాతకాలం చెయ్యి. రాడ్డు బోల్టు వదులుగా ఉండిపోయుంటుంది. కళ్ళు మూసుకుని చెప్తాను."

అక్కకి హాయిగా ఉండాల్సింది. తను చెప్పిందే ఆయనా చెబుతున్నాడు. కానీ హాయి అనిపించలేదు. ఆ ఇంజన్ ఎందుకు పోయిందో ఈ లోకంలో కచ్చితంగా తెలిసినవాళ్ళు ఇద్దరే. మూడో మనిషి మూత కూడా తియ్యకుండా ప్రమాణం చేస్తున్నాడు.

డబ్బా ఎత్తుకుని బయటికొచ్చేసింది. బండిలో కూర్చున్న తమ్ముడు, "ఏమన్నాడు?" అన్నాడు.

"మనం అన్నదే అన్నాడు."

"మరింకేం?"

"అందుకే వద్దు."

తమ్ముడు తల కిటికీ వైపు తిప్పుకున్నాడు.

రెండోది అత్తాకోడళ్ళ షెడ్డు. ఆ పేరు బోర్డు మీద లేదు, అందరూ అలా అంటారంతే. "అత్తాకోడళ్ళు ఒక్కచోట పనిచేస్తే ఇంజన్ కంటే ముందు వాళ్ళు పేలాలి కదా" అని పిట్‌లలో పాత జోకు. షెడ్డు చిన్నది. మూడు బల్లలు, ఒక లేతు, కడిగిన వాల్వులు వరసగా ఆరబెట్టిన పళ్ళెం. అత్తగారు కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని మైక్రోమీటరుతో ఒక ఇంజన్ క్రాంకు ఇరుసు మందం కొలుస్తున్నారు. కోడలు కాయితం మీద రాసుకుని, అదే క్రాంకుని మళ్ళీ తను కొలిచింది.

"రెండుసార్లెందుకండీ?" అని అడిగింది అక్క.

"ఆవిడ కొలిచింది నేను, నేను కొలిచింది ఆవిడ. ఒకరి తప్పు ఒకరు పట్టుకోవడంలో మాకున్న అనుభవం ఇంకెవరికుంటుంది?" అంది కోడలు, నవ్వకుండా. అత్తగారే నవ్వారు.

తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. ఎన్ని గంటలు తిరిగింది? ఏ నూనె? ప్రెషరు ఎంతుండేది? కోడలు అడుగుతూ రాసుకుంటోంది.

"ఎప్పుడైనా గేరు..."

"లేదండీ" అంది అక్క.

కోడలి పెన్ను ఆగింది. "తప్పిందా అని అడగబోయాను" అంది మెల్లిగా. అత్తగారు కళ్ళజోడు మీంచి ఒకసారి చూసి మళ్ళీ పనిలో పడ్డారు. గుమ్మడికాయ దొంగ అనకముందే భుజాలు తడుముకున్నానని అక్కకి అర్థమైంది.

"డబ్బా ఉంచి వెళ్ళండి. చేస్తామో లేదో చూశాక చెప్తాం" అంది కోడలు.

నాలుగు రోజులకి ఫోను చేసింది. "మీ తమ్ముణ్ణి కూడా తీసుకురండి."

తెల్లగుడ్డ మీద నాలుగు పిస్టన్లు పెట్టి ఉన్నాయి. ఒకటి నుజ్జయిపోయింది. మిగతా మూడూ ఆకారంలోనే ఉన్నాయి. కోడలు ఒకటి తీసి అక్క చేతిలో పెట్టింది. పైభాగంలో గోటితో నొక్కినట్టు చంద్రవంక గుర్తు.

"ఇది వాల్వు తగిలిన గుర్తు. ఇంజన్ హద్దు దాటి తిరిగితే వాల్వు వెనక్కి వెళ్ళేలోపే పిస్టన్ పైకొచ్చేస్తుంది. మూడిటి మీదా ఉన్నాయి. పగిలినప్పుడు పడ్డాయేమో అనుకుందామంటే, గుర్తు లోపల చూడండి. మసి పట్టింది. అంటే ఇవి పడ్డాక ఈ ఇంజన్ ఇంకా చాలాసేపు తిరిగింది." ఒక బోల్టు పక్కన పెట్టింది. మధ్యలో సన్నగా సాగి ఉంది. "ఇది కూడా అప్పుడే సాగింది. ఆ తర్వాత తెగడానికి రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంది. చేసినాయన తప్పు ఎక్కడా కనిపించలేదు. నేను చేసినా ఇంతకంటే బాగా చెయ్యలేను."

"గేరు తప్పింది నేనేనండీ" అన్నాడు తమ్ముడు. చెప్పేసి అక్క వైపు చూడలేదు.

"వాడు నాకు చూపించాడు. ముల్లు కిందికి దించింది నేను" అంది అక్క. పిస్టన్ ఇంకా చేతిలోనే ఉంది. ఎక్కడ పెట్టాలో తోచలేదు.

అత్తగారు కళ్ళజోడు తీసి అన్నారు. "ఈ నెలలో ఇద్దరు మౌనంగారి దగ్గర్నుంచి ఇంజన్లు తెచ్చేసుకుని మా దగ్గరికొచ్చారమ్మా. ఏదో మా మంచి పేరు విని వచ్చారనుకుని పొంగిపోయాను నేను."

"మీ ఇంజన్ చేస్తాం" అంది కోడలు. "ఆయనకి నిజం చెప్తేనే చేస్తామని నేను అనను. అలా అంటే మీరు ఇంజన్ కోసం చెప్తారు."

*

మర్నాడు పొద్దున్నే అక్క ఒక్కతే మౌనంగారి షెడ్డుకి వెళ్ళింది. తమ్ముడు వస్తానన్నాడు. వద్దంది.

తొమ్మిదేళ్ళలో ఆ బల్లలు ఖాళీగా ఉండటం ఆవిడ ఎప్పుడూ చూడలేదు. ఆయన ఒక స్టూలు మీద కూర్చుని పాత నోటుబుక్కు చదువుతున్నారు. ఎదురుగా బోల్టు ఎంత బిగిసిందో చూపించే టార్క్ రెంచి, దాని పక్కన పరీక్ష చేయించి తెచ్చిన కాయితం.

"రెంచి బాగానే ఉందట" అన్నారు ఆవిడ అడక్కుండానే. "అంటే చెయ్యే తప్పి ఉంటుంది. ఏ బోల్టో గుర్తు రావడం లేదు. కొన్నాళ్ళు పని ఆపేశాను."

అక్క ఏవేవో మాటలు సిద్ధం చేసుకుని వచ్చింది. అన్నీ ఆయన మీద కోపం ఉంటుందనుకుని కూర్చిన మాటలు. ఈ మనిషి తన మీద తనే నేరం మోపుకుని నెల రోజులుగా సాక్ష్యం వెతుక్కుంటున్నారు.

"టీచరుగారిని చూసొచ్చాను. క్షమించమని అడిగాను. మంచావిడ" అన్నారాయన.

"మీరెందుకు అడిగారండీ!" అంది అక్క. గొంతు పెద్దగా వచ్చింది. నిలబడే చెప్పేసింది. గేరు, ముల్లు, బొత్తాం, అధికారి ముందు అన్న మాట, తర్వాత కాదనకుండా ఊరుకున్న సంగతి. పాయింట్ల కోసం అని కూడా చెప్పింది, అది చెప్పడమే అన్నిటికంటే కష్టమైంది.

మౌనంగారు నోటుబుక్కులో ఖాళీ పేజీ తీశారు. తర్వాత, "ముల్లు ఎంత చూపించింది?" అన్నారు.

"తొమ్మిది వేల రెండు వందలు."

ఆయన పెన్ను తీసి నోటుబుక్కులో ఆ అంకె రాసుకున్నారు. "రెండు వారాలు ఆగాయన్నమాట బోల్టులు" అన్నారు, ఆవిడతో కాదు. నోటుబుక్కు మూశారు. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటి వైపు చూస్తూ కూర్చున్నారు.

"నేను అందరి ముందూ చెప్తానండీ."

"చెప్పండి."

"మీరు... మళ్ళీ మా ఇంజన్..."

"లేదమ్మా" అన్నారు. కోపంగా కాదు. "ఇంక వెళ్ళండి. నాకు పనుంది."

పనేమీ లేదని ఇద్దరికీ తెలుసు.

అక్కడినుంచి టీచరు ఇంటికి వెళ్ళింది. టీచరు ఎడమచేత్తో పరీక్ష పేపర్లు దిద్దుతోంది, మార్కులన్నీ కోడి గీసినట్టున్నాయి. అంతా విని, "ఆయన నా మంచం పక్కన కూర్చుని ఏడ్చాడండీ. మీరు రేసు మర్నాడు పళ్ళు పంపించారు" అంది. తర్వాతి పేపరు తీసింది. అక్క అక్కడ ఇంకో పావుగంట కూర్చుంది, లేవడానికి కూడా ధైర్యం చాలక.

తర్వాతి రేసు రోజు డ్రైవర్ల మీటింగులో లేచి నిలబడి చెప్పింది. తమ్ముడు వచ్చి పక్కన నిలబడ్డాడు. కొందరు తలలు దించుకున్నారు. ఒకాయన "ఇప్పుడా చెప్పేది?" అని గట్టిగానే అన్నాడు. అధికారులు ఆ సీజను మొత్తానికి వాళ్ళ టీమును ఆపేశారు. ఆవిడకి అది తక్కువే అనిపించింది. డ్రైవింగ్ స్కూల్లో క్లచ్చు తప్పుగా తొక్కినవాళ్ళు "నేను కాదు, బండే ఆగిపోయింది" అంటే ఇదివరకు నవ్వేది. ఆ తర్వాత నవ్వు రాలేదు.

మౌనంగారిని వదిలేసిన ఇద్దరిలో ఒకాయన తిరిగి వెళ్ళాడు. రెండో అతను సిగ్గుపడి వెళ్ళలేదు.

ఇంజన్ అత్తాకోడళ్ళే చేశారు. ఇచ్చేటప్పుడు కోడలు కొలతలన్నీ రాసిన కాయితాల మీద తమ్ముడి చేత కూడా సంతకం పెట్టించింది. "గేరు తప్పితే తప్పింది. ఫోను చెయ్యి. తిడతాం, కానీ చేసిస్తాం" అన్నారు అత్తగారు.

మరుసటి సీజను మొదటి రేసులో టీచరు కారు వాళ్ళ పక్క పిట్‌లోనే ఉంది. మణికట్టు ఇదివరకులా పూర్తిగా తిరగదట. అక్క ఆవిడ దగ్గరికి వెళ్ళింది.

"మీ కారు వెనకాల రావాలంటే నాకింకా భయమేనండీ" అంది టీచరు హెల్మెట్ పెట్టుకుంటూ. "అందుకని ముందే పోతా."

అన్నట్టే ముందు పోయింది. ఆవిడ నాలుగో స్థానం, తమ్ముడు ఏడు. ఇంజన్ ఎక్కడా తడబడలేదు.

కార్లు తిరిగి వస్తుంటే అక్క దూరంగా చివరి పిట్‌లో మౌనంగారిని చూసింది. ఎవరిదో కారు బానెట్టు ఎత్తి, తల లోపలికి పెట్టి వింటున్నారు. అటు నాలుగడుగులు వేసింది. ఆయన తల ఎత్తలేదు. కాసేపు అక్కడే నిలబడి, పిలవకుండా వెనక్కి వచ్చేసింది.