కబురు తెచ్చినవాడికి మంత్రం

తేలు మంత్రం సంగతి తేల్చడానికి యూనివర్సిటీ నుంచి దివ్య అనే పరిశోధకురాలు అల్లవరం వచ్చినప్పుడు, విషయం తాతాజీకి అంత తేలిగ్గా అనిపించలేదు. కొబ్బరికాయల వ్యాపారి అతను. మంత్రం వాళ్ళ నాన్న దుర్గారావుగారిది. పోతూ పోతూ కొడుకు చెవిలో వేసిపోయారు. నమ్మకం మాత్రం వెయ్యడం మరిచిపోయారు. నిజమని తేలితే కూతురు పద్మశ్రీకి నేర్పాలి, లేదంటే తనతోనే పోనివ్వాలి. తాతాజీ బెంగంతా అదే.

ఈ మంత్రానికి తేలు కుట్టినవాడు రానక్కర్లేదు. కబురు తెచ్చినవాణ్ణి పీట మీద కూర్చోబెట్టి, వేపమండతో తల నుంచి మోకాళ్ళ దాకా దిగదుడిస్తే, ఎక్కడో ఉన్నవాడికి విషం దిగుతుందని. తాతాజీ చిన్నప్పుడు గోదావరి లంకల్లోంచి కబురు తెచ్చేవాళ్ళు రేవు దాటి, కాళ్ళనిండా బురదతో రొప్పుతూ వచ్చేవాళ్ళు. నాన్నగారు ముందు మజ్జిగ ఇప్పించేవారు. వాళ్ళు గటగటా తాగే చప్పుడు తాతాజీకి ఇప్పటికీ వినిపిస్తుంది. సెల్‌ఫోన్లొచ్చాక ఊళ్ళో కబుర్లు మిగిలాయిగాని, కబురు తెచ్చేవాళ్ళు మిగల్లేదు.

తేలు కుట్టి ఆసుపత్రిలో మందు పడినవాళ్ళలో సగం మందికే మంత్రమని, మిగతావాళ్ళు పోల్చి చూడ్డానికి కంట్రోలని దివ్య వివరించింది. తాతాజీకి తెలిసిన కంట్రోలు రేషను బియ్యమిచ్చే కంట్రోలే. ఎవరికి మంత్రం పడిందో రోగికీ డాక్టరుకీ తెలియకూడదట. కబురు తెచ్చేవాళ్ళెవరూ లేక దివ్యే పీట మీద కూర్చునేది.

ఏడాది తిరిగాక ఫలితం చెప్పడానికి వచ్చింది. మంత్రం పడ్డవాళ్ళకీ పడనివాళ్ళకీ నొప్పి ఒక్కలాగే తగ్గిందట. పరీక్ష రాసింది రోగులు, తప్పింది మాత్రం తాతాజీ.

అతను అడిగాడు. "మరి మా నాన్నగారు అన్నేళ్ళూ చేసిందేంటండీ?"

"తెలీదండీ. మేం రోగుల్నే అడిగేం. ఇక్కడికొచ్చినవాళ్ళని ఎవర్నీ అడగలేదు."

అంతలో రొయ్యల చెరువు కాపలా బుల్లబ్బాయి గేటు తోసుకొచ్చాడు. భార్యని తేలు కుట్టిందట.

"ముందు ఆసుపత్రికి తీసుకెళ్ళేరా?" అన్నాడు తాతాజీ.

"ఆయ్, తీసుకెళ్ళేరండి. మా బావమరిది బండి మీద, వెనకాల మా వదిన పట్టుకుని కూర్చుంది. నాకు చోటు లేదండి. ఏం చెయ్యాలో తెలీక ఇలా వచ్చేనండి."

తాతాజీ దివ్య వైపు చూశాడు. ఆమె కుర్చీ పక్కకి జరుపుకుని పీటకి చోటిచ్చింది. అతను లోపలికి కేకేసి పద్మశ్రీని పిలిచాడు.

"ఇలా నా పక్కన నిలబడి చూడమ్మా."

పీట మీద కూర్చోగానే బుల్లబ్బాయికి ఏడుపు తన్నుకొచ్చింది. అది ఆగేదాకా తాతాజీ వేపమండ కింద పెట్టలేదు.