చూపించొద్దన్న కసరత్తు

లింగమ్మకు మాట దాచుకోవడం చేతకాదని కొత్వాల్‌గూడలో చంటిపిల్లలకు కూడా తెలుసు. అలాంటి మనిషి చేత ఆరు నెలల రహస్యానికి వేలిముద్ర వేయించుకున్నారంటే, వేయించుకున్నవాళ్లనే అనాలి. లింగమ్మ మాత్రం తర్వాత ఎవరినీ అనలేదు, తనను తప్ప.

మోకాళ్ల నొప్పుల మీద పరీక్ష చేస్తామంటూ ఒక దవాఖాన వాళ్లు ఊరికొచ్చి ఇరవై ఎనిమిది మంది ఆడవాళ్లను ఎంచుకున్నారు. చీటీలు తీసి పద్నాలుగు మందికి నొప్పి మాత్రలు మాత్రమే ఇచ్చారు. మిగతా పద్నాలుగు మందికి మాత్రలతో పాటు కసరత్తు కూడా నేర్పారు. కుర్చీలో కూర్చుని, చీలమండకు ఇసుక సంచి కట్టుకుని కాలు లేపడం, మోకాలి కింద తువ్వాల చుట్ట పెట్టి నొక్కడం, అలాంటివి. నేర్పింది నబీలా అనే శంషాబాద్ అమ్మాయి, ఫిజియోథెరపీ చదువుకుంది.

"మాత్రల వాళ్లకు మీరు చూపించొద్దు. ఆర్నెల్లయినంక వాళ్లకు నేనే నేర్పుత. రెండు గుంపులకు ఫరక్ కనబడితేనే కసరత్తు పనిచేస్తదని పెద్దోళ్లు నమ్ముతరు. నమ్మితే ఈ ఊళ్లె ఒక ఫిజియో మేడంను ఎప్పటికీ ఉండేటట్టు పెడ్తరు," అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. కసరత్తు చీటీ వచ్చిన లింగమ్మ అందరికంటే ముందు తలూపింది.

పదకొండేళ్లు ఎయిర్‌పోర్టులో నేల తుడిచి మోకాళ్లు అరగదీసుకున్న మనిషి ఆమె. అక్కడ "ఏయ్, గిటు రా" అన్నవాళ్లే గానీ పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. కసరత్తు మొదలైన రెండో నెలకల్లా గోడ పట్టుకోకుండా మెట్లెక్కసాగింది. పక్కింటి పోచమ్మ మాత్రల గుంపు మనిషి. అది చూసి నోరు తెరిచింది.

"ఏం జేస్తున్నవక్కా?"

"చెప్పొద్దన్నరు."

"వద్దంటే వద్దుతీయ్. నాలుగు నెలలాగితే మాకూ నేర్పుతరు గద," అని పోచమ్మ చేటలో బియ్యం ఏరుకుంటూ ఊరుకుంది.

పోచమ్మ ఊరుకుంది గానీ లింగమ్మ ఊరుకోలేకపోయింది. కడుపులో మాట ఉంటే ఆమెకు అన్నం సహించదు. మర్నాడు పొద్దున్నే తానే గోడ మీంచి కేకేసి, పెరట్లో కుర్చీ వేసి, తన ఇసుక సంచి విప్పి పోచమ్మ కాలికి కట్టింది. వారం తిరిగేసరికి ఇంకో ముగ్గురు వచ్చారు. నెల తిరిగేసరికి ఎవరి కుర్చీ వాళ్లు నెత్తిన పెట్టుకుని రావాల్సి వచ్చింది. పైన విమానం దిగుతుంటే దాని మోతను మించి "మోకాలు వంచకుండ్రి" అని లింగమ్మ అరిచేది. ఎవరో నవ్వులాటకు "టీచరమ్మా" అన్నారు. ఆ పూట లింగమ్మ రెండు ముద్దలు ఎక్కువే తిన్నది.

ఆరు నెలలు నిండాయి. నబీలా వచ్చి, అర నిమిషంలో ఎవరెవరు కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో అందరికీ లెక్కపెట్టింది. కాగితాలు ఒకసారి చూసింది, మళ్లీ చూసింది. ముఖం చిన్నబోయింది.

"రెండు గుంపులూ సమానంగనే మంచిగైనయ్. ఇగ మాత్రలే చాలు, కసరత్తుతోని ఫాయిదా లేదని రాస్తరు. మంచిగ తేలితే కొత్తూరు, కందుకూరు దిక్కు కూడా మేడంలను పెడ్తమన్నరు. ఇగ యాడా పెట్టరు." మెల్లగా అంది, "నేనే సరిగ్గ నేర్పలేదేమో."

లింగమ్మ తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. ఆ పిల్ల ఎండలో బస్సు దిగి నడిచొచ్చి, అరిగిన ఈ మోకాలిని రెండు చేతులా పట్టుకుని నేర్పింది. ఆ పిల్ల చదువునే తాను అబద్ధం చేసి కూర్చుంది. పెరట్లోకి వచ్చినవాళ్లంతా నేలచూపులు చూస్తున్నారు.

"నీ తప్పు కాదు బిడ్డా," అంటూ లింగమ్మ లేచింది. "నేనే చూపించిన."

నబీలా చేతిలో పెన్ను ఆగిపోయింది. పోచమ్మ చటుక్కున అడ్డమొచ్చింది.

"అక్కను ఏమనకు మేడం. మా బాధ చూడలేక చూపించింది. ఆమె మనసు గసుంటిది."

అవునవునని నలుగురూ వంత పాడారు. నబీలా ముఖం మెత్తబడింది. "మంచి మనసుతోనే చేసినవు లింగమ్మక్కా. నీ జాగల ఉంటే నేను గూడ గదే చేస్తుంటినేమో," అంది.

అక్కడితో ఊరుకుంటే గండం గడిచిపోయేది. పైపెచ్చు పుణ్యాత్మురాలన్న పేరు మిగిలేది. కానీ ఆ మెప్పు లింగమ్మకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. చేయని పుణ్యాన్ని నెత్తిన పెట్టుకోవడానికి ఆమెకు సిగ్గేసింది.

"బాధ చూడలేక కాదు," అంది. "పోచమ్మ ఆగుతనన్నది. నేనే పిలిచిన. నేను చెప్తుంటే అందరు ఇంటుండిరి. టీచరమ్మ అంటుండిరి. గది నాకు మంచిగనిపించింది. గందుకే చేసిన."

పోచమ్మ కొంగు సర్దుకుని అటు తిరిగింది. నబీలా కొత్త కాగితం తీసింది.

"జరిగింది ఉన్నదున్నట్టు రాస్త. వాళ్లేమంటరో చూద్దాం. ఎంతమందికి నేర్పినవు?"

"పద్నాలుగు మందిల పదకొండు మందికి," అంది లింగమ్మ.

అన్నాక తన గొంతు తనకే వినబడింది. అంత సిగ్గులోనూ ఆ పదకొండు కాస్త గర్వంగానే పలికింది. నబీలా తలెత్తి ఆమె వంక చూసింది. లింగమ్మ మళ్లీ తల ఎత్తలేకపోయింది.