పద్నాలుగు పువ్వులు

ఆటల హాలు పైకప్పు నుంచి చొక్కాను దించుతున్నప్పుడు కప్పీ కిర్రుమని మూలిగింది. ఇరవైరెండేళ్ళుగా అక్కడే వేలాడిన పచ్చ చొక్కా అది. వీపున పద్నాలుగు అంకె; గౌరవసూచకంగా దానిని మరే ఆటగాడికీ ఇవ్వలేదు. ఆ చొక్కా తొడుక్కున్న కాజిమీరాస్ తన ముప్పైనాలుగో ఏట, ఇదే బాస్కెట్‌బాల్ కోర్టులో, ఆడుతూ ఆడుతూ కుప్పకూలి మరి లేవలేదు. ఇప్పుడు దాని కింద తల ఎత్తి నిలుచున్నవాడు అతని కొడుకు రిమ్‌గౌదాస్. అతనికీ ఈ శరత్తులోనే ముప్పైనాలుగు నిండాయి.

పదహారో ఏట అతడు నెమునాస్ నది ఒడ్డున ఉన్న ఈ పట్టణాన్ని విడిచాడు. కౌనాస్ నగరంలో పేరు తెచ్చుకున్నాడు. స్పెయిన్‌లో మూడు క్లబ్బులు మారాడు, ఇస్తాంబుల్‌లో కప్పు ఎత్తాడు, ఏథెన్స్‌లో రెండు చలికాలాలు బెంచీ మీదనే గడిపాడు. ఎక్కడా పద్నాలుగు అంకె అడగలేదు. కారణమడిగిన విలేకరులతో, "అది మా నాన్నది, ఆయన ఇంకా వాడుకుంటున్నాడు," అని నవ్వేవాడు. తన ఆటకు చివరి ఏడాది సొంతగడ్డపై ఆడడానికి వచ్చినప్పుడు ఊరంతా ఒక్క గొంతుతో ఆ అంకెనే తొడుక్కోమంది. కాదనలేకపోయాడు.

కాదన్నది తల్లి గెనొవైతే ఒక్కతే. వారం క్రితం, మృతుల స్మరణ దినాన, భర్త సమాధి మీది ఎండుటాకులు ఏరుతూ అంది: "గోడకి వేలాడదీసిన శిలువని తీసి ఎవరైనా మెళ్ళో వేసుకుంటారట్రా?"

"అమ్మా, అదొట్టి గుడ్డ."

"నీకు గుడ్డ."

"ఒక్క ఏడాదే కదే. ఆ తర్వాత నీ వెనకే తిరుగుతూ బంగాళదుంపలు తవ్వుతా."

"ఆ నడుంతోనా? దుంపలే నిన్ను తవ్వి పోస్తాయి," అని ఆమె దీపం వెలిగించింది. గాలికి అది రెండుసార్లు ఆరిపోయింది.

ఆమెకు అతడు చెప్పని మాట ఒకటుంది. వేసవి నుంచీ, గట్టిగా పరుగెత్తినప్పుడల్లా, గదిలో చిక్కిన పిట్ట గోడలకు కొట్టుకున్నట్టు అతని గుండె కొట్టుకుంటోంది. క్షణకాలం కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయి. ఆగస్టులో జట్టు వైద్యురాలు నియొలే గుండె పరీక్షకని ఛాతీకి తీగలు అంటించిన రోజున మాత్రం ఆ పిట్ట బుద్ధిగా కూర్చుంది. "నాతో ఏమైనా చెప్పాలా?" అని ఆమె అడిగితే, "ఆకలేస్తోంది," అన్నాడు. ఆమె నవ్వి, ఆడవచ్చని సంతకం చేసింది. నిజం చెప్పిన రోజే ఆట ముగుస్తుంది. ఆట ముగిశాక మిగిలే మనిషి ఎవరో అతనికి తెలియదు.

పైనుంచి దించిన పాత చొక్కా అతని చేతికందింది. అదే అంకెతో కుట్టిన కొత్తది అతని ఒంటిమీద ఉంది. అభిమానుల పెద్ద స్తాసీస్, మెడలో పచ్చ కండువాతో, తెల్లగులాబీల గుత్తి పట్టుకుని గర్వంగా నడిచివచ్చాడు. "పద్నాలుగో నంబరుకి పద్నాలుగు!" అని మైకులో అరిచాడు.

చప్పట్లు మొదలై, మధ్యలోనే తెగిపోయాయి. ముందు వరుసలో ఎవరో ముసలామె శిలువ గుర్తు వేసుకుంది. వాళ్ళ దేశంలో సరిసంఖ్య పువ్వులు బతికున్నవారి చేతికి ఇవ్వరు. సమాధి మీదనే ఉంచుతారు. నిశ్శబ్దం వరుస వెంట వరుసగా పైకి పాకింది. స్తాసీస్ ముఖం పాలిపోయింది.

"ఓరి దేవుడా... నంబరుకి సరిపోవాలనే చూశాం రా పొడుగోడా, ఇది తట్టనేలేదు."

రిమ్‌గౌదాస్ గుత్తిలోంచి ఒక గులాబీ లాగి స్తాసీస్ చెవి వెనుక పెట్టాడు. "ఇప్పుడు పదమూడు. నీ బట్టతలకీ ఓ పువ్వు దక్కింది, పెళ్ళికొడుకా!"

హాలు గొల్లుమంది. నవ్వనిది ముందు వరుసలో కూర్చున్న గెనొవైతే ఒక్కతే. భర్త పోయాక ఆమె ఈ హాలులో అడుగుపెట్టడం ఇదే మొదలు. అతడు ఆ గుత్తిని ఆమె ఒడిలో ఉంచి, నుదుట ముద్దుపెట్టి, ఆటకు వెళ్ళాడు.

ఆట మూడో భాగంలో అతని గుండెలోని పిట్ట మేలుకొంది. మొదట ఒక్కసారి రెక్క విదిలించింది. ఎదురు జట్టువాడి చేతిలోంచి బంతి లాక్కుని అవతలి బుట్టదాకా పరుగెత్తేసరికి అది ఆగకుండా కొట్టుకోసాగింది. దీపాలు దూరం జరిగాయి. జనఘోష నీటి అడుగునుంచి వస్తున్నట్టుంది.

"రిమ్‌గౌదాస్! బయటికి రా!" కోచ్ వైదోతాస్ కేకవేశాడు. "మొహం చూసుకున్నావా? సుద్దముక్కలా ఉంది!"

అతని అరచెయ్యి దానంతటదే లేచింది, వద్దన్నట్టు.

ఆ చెయ్యి అతడెరుగును. పన్నెండేళ్ళ వయసులో, వెల్లుల్లి రాసి వేయించిన నల్లరొట్టె నములుతూ, ముందు వరుసలో అమ్మ పక్కన కూర్చుని దానిని చూశాడు. నాటి కోచ్ పిలిస్తే నాన్న ఇలాగే అరచెయ్యి చూపి, నవ్వి, వెనుదిరిగి పరుగెత్తాడు. బంతి ఇంకోవైపు చేరేలోగా పడిపోయాడు.

ముందు వరుసలో గెనొవైతే లేచి నిలబడింది. ఒడిలోని పువ్వులు జారి కాళ్ళ దగ్గర చెల్లాచెదురయ్యాయి. ఆమె గాలిలో నిలిచిన ఆ చేతినే చూస్తోంది.

రిమ్‌గౌదాస్ కూడా దానివైపు చూశాడు, పరాయివాడి చేతిని చూసినట్టు. తరువాత వేళ్ళు ఒక్కొక్కటిగా ముడిచాడు. బిగించిన పిడికిలి, 'నన్ను బయటికి తీసుకోండి' అని ఆటగాడు చెప్పే గుర్తు. ఇన్నేళ్ళ ఆటలో అతడు దానిని ఏ దేశంలోనూ చూపలేదు. అందుకే కోచ్‌కు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

బెంచీ మీద నియొలే అతని మణికట్టు పట్టుకుంది. "ఎన్నాళ్ళ నుంచి?"

"ఎండాకాలం నుంచి."

"నాతో ఆకలేస్తోందన్నావు."

"అదీ వేసింది, డాక్టర్ గారూ."

ఆమె నవ్వలేదు. వేళ్ళు మణికట్టు వదిలి మెడ దగ్గరికి చేరి అక్కడే ఉండిపోయాయి. గొంతు పెంచకుండా, "స్ట్రెచర్ తెప్పించండి," అంది కోచ్‌తో.

"నడవగలను నేను."

"నడవవు. మాట్లాడవు కూడా."

కోర్టులో ఆట మళ్ళీ మొదలైంది. గెనొవైతే వచ్చి, నేల మీద మోకరించి, కొడుకు పిడికిలిని రెండు చేతులా పట్టుకుంది. అది ఇంకా విచ్చుకోలేదు. ఆమె పెదవులు ప్రార్థనలో కదులుతున్నాయి. చూపు మాత్రం వైద్యురాలి ముఖం మీదనే ఉంది. ఆ ముఖం ఏమీ చెప్పడం లేదు. పైన, చొక్కా లేని తాడు, తలుపు తెరిచినప్పుడల్లా వచ్చే చలిగాలికి ఊగుతూనే ఉంది.